కోబేలో కనిపించిన మొలతాడు

శనివారం పొద్దున్న తొమ్మిదీ పదికి కళింగపట్నం ఇసుకలో చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తూ నన్ను నేనే తిట్టుకున్నాను. యాభై ఎనిమిదేళ్ల వయసు, రెండు మోకాళ్లూ నొప్పులు, విజయనగరం నుంచి రెండు బస్సులు మారి రావడం. ఇదంతా ఎందుకంటే, ఒక ఓడ వంటవాడు జపాన్‌లో స్నానం చేసిన కథ వినడానికి! డిటెక్టివ్ గణపతిరావు బుర్ర చెడిందని మా ఆవిడ అననే అంది.

నా ముందు గున్నమ్మ నడుస్తోంది. ఆమె మొగుడు గంగులు పడవవాడు. పోయిన ఏడాది వేసవిలో కోటబొమ్మాళి పక్క పల్లెకి చెందిన నారాయణమూర్తి అనే రైతుబిడ్డ గంగులు పడవ ఎక్కి భీమిలి బయల్దేరాడు. ఆ తర్వాత అతన్ని చూసినవాళ్లు లేరు. పన్నెండో రోజున ఈ ఒడ్డుకే ఒక శవం కొట్టుకొచ్చింది. ముఖం చేపలు తినేశాయి. మొలకి వెండి మొలతాడు, దానికో తాబేలు బిళ్ల. ఆ బిళ్ల చూసి తల్లి జగ్గమ్మ "మా పెద్దోడే" అని కుప్పకూలిపోయింది. అతన్ని భీమిలిలో దింపేశానని గంగులు ఎంత మొత్తుకున్నా వినే దిక్కు లేక హత్య కేసు అతని మీదే పడింది. ఏడాదిన్నర విచారణ అయింది. ఎల్లుండి సోమవారం పదకొండు గంటలకి తీర్పు. ఉరి తప్పదని గంగులు ప్లీడరే గున్నమ్మతో చెప్పేశాడు.

ఇలాంటి సమయంలో, అయిదు రోజుల క్రితం, ఇనుపరాయి మోసే ఓడలో వంట చేసే అసిరయ్య రెండేళ్ల తర్వాత ఇల్లు చేరాడు. చేపల సంతలో గున్నమ్మ ఏడుపు విన్నాడు. సంగతంతా విని నోరు తెరిచాడట. "సచ్చిపోనాడా? ఎప్పుడు? కార్తీకంలో జపాన్ దేశంలో ఆ బాబుని నాను సూసినాను గదా!" అన్నాడట.

ఊరంతా నవ్వింది. గున్నమ్మ ఒక్కతే నవ్వలేదు. నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

అసిరయ్య ఇంటి అరుగు మీద అతని భార్య బుల్లమ్మ మాకు చాప వేసింది. "మావ తూరుపుకెల్లినాడు బాబూ, బేగి వచ్చీస్తాడు," అంది. ఈ ఒడ్డున పుట్టినవాళ్లకి సముద్రం పేరే తూర్పు. వల తూర్పుకే, పడవ తూర్పుకే, తెల్లారి చెంబు పట్టుకుని వెళ్లినా తూర్పుకే. నాకు కొత్త మాట కాదు గనుక పట్టించుకోలేదు. అక్కడే పప్పులో కాలేశాను.

అసిరయ్య వచ్చి కూర్చునేసరికి వీధిలో జీపు ఆగింది. ఇన్‌స్పెక్టర్ నరసింగరావు దిగాడు. ఈ కేసు పట్టిందీ, గంగుల్ని బోను ఎక్కించిందీ అతనే. లంచం ముట్టడు, కొట్టి కేసులు కట్టడు. కానీ తను తప్పు చేయగలనన్న అనుమానం మనిషికి పుట్టుకతోనే లేదు. అలాంటివాడితో వేగడం లంచగొండితో వేగడం కంటే కష్టం.

"ఏం గణపతిరావుగారూ, జపాన్ దాకా వెళ్లారట దర్యాప్తుకి?" అన్నాడు, మీసం కింద నవ్వుతూ.

"మీరు భీమిలి దాకా కూడా వెళ్లలేదు గదా. ఎవరో ఒకరు తిరగాలి."

"తిరగండి. నేనూ వింటాను. సోమవారం కోర్టులో ఇతగాణ్ణి బోను ఎక్కిస్తారేమో, ముందే చూసుకుంటే మంచిది."

అరుగు చివర కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. అసిరయ్యకి చెమట పట్టింది. నలభై ఏళ్లవాడు, వేళ్ల నిండా కత్తి గాట్లు, పొయ్యి సెగకి కనుబొమలు సగం కాలిపోయి ఉన్నాయి.

"భయపడకు. నేను అడిగిందానికే చెప్పు. ఏ ఊరు అది?"

"కోబే బాబూ. రేవు పట్నం. ఓడ ఒక్క రోజే కట్టినారు."

"దిగింది ఎన్నింటికి?"

"ఎనిమిదికి. గంట కొట్టినారు, నాను నిచ్చెన దిగినాను."

"తోడెవరు?"

"ఒక్కణ్ణే. దిగే వంతు సోములిది. ఆడికి జొరం. ఆడి దిగే సీటీ కాగితం నా సేతిలో ఎట్టి, 'ఎల్లరా, నివ్వెప్పుడు పొయ్యి ఒదిలినావు గనక' అన్నాడు."

"ఓడ పుస్తకంలో అసిరయ్య పేరు లేదు," అన్నాడు నరసింగరావు. "నిన్న విశాఖపట్నం వెళ్లి నా కళ్లతో చూశాను."

"సోములు పేరు ఉందా?"

"ఉంది."

"అదే గదా అతను చెబుతున్నది."

"వాళ్లూ వాళ్లూ కూడబలుక్కుంటే మనకేం తెలుస్తుంది?"

నేను అసిరయ్య వైపు తిరిగాను. "దిగాక ఎటు నడిచావు?"

"ఎదరగా కొండలు బాబూ, మన మహేంద్రగిరిలాగ. ఆ కొండకేసి, పడమటికి నడిసినాను. ఎండ కుడి సెంప మీద కొడతన్నాది. సలి, బాబూ! నోట్లోంచి పొగ వస్తన్నాది. ఈదులు కడిగీసినట్టు ఉన్నాయి. ఓ అంగడి కాడ అద్దం ఎనకాల పళ్లేలెట్టినారు. అన్నం, సేప ముక్కలు, గుడ్లు. గంట సేపు అక్కడే నిలబడిపోనాను."

"ఆకలా?"

"ఆకలి కాదు. ఈగ! ఒక్క ఈగ వాల్నేదు! పాతికేళ్ల నుంచి వంట సేస్తన్నాను, ఈగ వాలని కూర నాను సూణ్నేదు. లోపలికెల్లి ఏలెట్టి సూపించినాను. అక్కడి పిల్ల పకపకా నవ్వీసి, ఓ పళ్లెం తెచ్చి నా సేతిలో ఎట్టింది. మైనం బాబూ! అన్నం మెతుకు మైనం, సేప పొలుసు మైనం! ఓలమ్మా, ఆ సెయ్యి ఎవులిదో గాని కాళ్లకి దణ్ణం ఎట్టాలి అనిపించింది."

గున్నమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుని వింటోంది. ఆమె ప్రాణమంతా ఆ మాటల మీదే ఉంది. అయినా ఆమె కళ్లు కూడా పెద్దవైపోయాయి.

"పదకొండుకి ఓ పెద్ద అంగట్లోకి ఎల్లినాను. నిలబడితే సాలు, మెట్లే పైకెల్తన్నాయి. ముందు ఇనప పట్టీ మీద కాలెట్టి తీసీసినాను, మింగీస్తాదేమోనని. ఓ ముసలామె నా సెయ్యట్టుకుని ఎక్కించింది. భాష నేదు, సుట్టం కాదు, నా సెయ్యట్టుకుంది బాబూ."

నా చేతిలో పెన్సిల్ ఎప్పుడో ఆగిపోయింది. ముప్ఫై ఏళ్లు కోర్టుల చుట్టూ తిరిగి వేలమంది అబద్ధాలు విన్నాను. అబద్ధం చెప్పేవాడు గొప్ప గొప్ప మేడలు చెబుతాడు. ఈగ వాలలేదని చెప్పడు.

"సరే. ఆ బాబుని చూసింది ఎక్కడ?"

"రెండు గంటలప్పుడు. ఓ పెద్ద పొగ్గొట్టం కనపడింది. రైసు మిల్లు అనుకున్నాను, ఆళ్లు బియ్యం ఎలగ ఆడతారో సూద్దామని ఎల్లినాను. మిల్లు కాదు బాబూ, నీళ్లిల్లు. ఊరందరూ కలిసి తానం సేసే ఇల్లు. మొగోళ్లు ఓ పక్క, ఆడోళ్లు ఓ పక్క. ఒంటి మీద నూలుపోగు నేదు ఎవులికీ! సిగ్గుతో సచ్చిపోనాను. ఎనక్కొచ్చీద్దును, గాని ఆ ఏడినీళ్ల ఆవిరి, ఆ సలి..."

"దిగావు?"

"దిగినాను. అన్నీ ఇప్పీసినాను, మొలతాడు ఒక్కటే ఉంచినాను. అది తీస్తామేటి మనం? అక్కడోడు తియ్యమని సైగ సేసినాడు. నాను సస్తే తియ్యనని రెండు సేతుల్తో పట్టుకున్నాను. తొట్టిలో ఉన్న ఓ తాత గట్టిగా నవ్వీసి, నా మొల సూపించి, ఆ మూలకి ఏలు సూపించినాడు. నీలాంటోడు ఇంకోడు ఉన్నాడు, సూడు అన్నట్టు. సూసినాను బాబూ. ఆవిర్లో ఓ మనిషి, నల్లగా, మనోడే. మొలకి ఎండి తాడు. తాడుకి శ్రీకూర్మం సామి తాబేలు."

నరసింగరావు కూడా కాలు దించి ముందుకి వంగాడు.

"దగ్గరగా చూశావా?"

"మూరెడు దూరం. తాబేలుకి తల నేదు, ఇరిగిపోనాది. 'ఏ ఊరు బాబూ మనది?' అన్నాను. ఆడి సేతిలో సబ్బు జారిపోనాది. నాకేసి సూసి, 'నాకు తెలుగు రాదు' అన్నాడు."

"ఏ భాషలో?"

"తెలుగులోనే బాబూ! ఒంటి మీద నీళ్లైనా తుడుసుకోకుండా ఎలిపోనాడు. ఎవుడో పిచ్చోడు అనుకున్నాను. మొన్న గున్నమ్మొదిన తాబేలు బిళ్ల సంగతి సెప్పినప్పుడు గుండె గుబేలుమంది."

నా గుండె కూడా గుబేలుమంది, కానీ వేరే కారణానికి. నా సంచిలో శవ పంచనామా నకలు ఉంది. అందులో తాబేలు బిళ్లకి తల విరిగినట్టు లేదు. నరసింగరావు ఆ మాట పట్టుకోకూడదని కూర్మనాథుడికే మొక్కుకుని, గబగబా తర్వాతి ప్రశ్న వేశాను.

"ఆ తర్వాత?"

"కొండెక్కినాను. నడిసి కాదు. పెట్టెలో కూకోబెట్టి తాడుతో పైకి లాగీసినారు. పైన రాయి మీద తూరుపుకి తిరిగి కూకున్నాను. కింద పట్నం, పట్నం కింద సముద్రం, సముద్రం మీద వందల ఓడలు. మా ఓడ ఏదో కనుక్కోనేకపోనాను. కుడిసేతి పక్కన పొద్దు కుంగిపోనాది. అప్పుడు దీపాలు ఎలిగినాయి. ఒక్కొక్కటి కాదు బాబూ, ఊరంతా ఒక్కసారే. ఏడుపొచ్చీసింది నాకు. మా బుల్లి సూడకుండా నానొక్కణ్ణే సూసీస్తన్నానే అని."

గుమ్మంలో బుల్లమ్మ తల దించుకుంది.

అప్పుడే నరసింగరావు ఒక్క చరుపు చరిచాడు, అరుగు అదిరిపోయింది. "ఆగు! తూర్పుకి తిరిగి కూర్చున్నావు. పొద్దు ఎటు కుంగింది?"

"కుడిసేతి పక్కన."

"తూర్పుకి తిరిగితే కుడిచెయ్యి దక్షిణం. అంటే జపాన్‌లో సూర్యుడు దక్షిణాన అస్తమిస్తాడా?" నా వైపు తిరిగాడు. "రాసుకోండి గణపతిరావుగారూ! పొద్దున్న పడమటికి నడుస్తుంటే ఎండ కుడి చెంప మీద కొట్టిందట. పడమటికి నడిచేవాడికి పొద్దుటి ఎండ వీపు మీద కొట్టాలి! ఇతగాడు ఓడలోంచి దిగనే లేదు. దిగినవాళ్లు చెప్పిన కబుర్లు అతికించి చెబుతున్నాడు. జడ్జిగారు రెండు నిమిషాల్లో బయటికి పంపేస్తారు."

అసిరయ్య బిక్కచచ్చిపోయాడు. "నాను సూసింది సూసినట్టే సెప్పినాను బాబూ. నాకూ ఇడ్డూరం అనిపించింది. ఆ దేశంలో పొద్దు అలగే తిరుగుతాదేమో అనుకున్నాను," అన్నాడు.

గున్నమ్మ నా వైపు చూసింది. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను. సూర్యుణ్ణి దక్షిణాన ముంచే సాక్షిని నమ్ముకుని ఆమెకి ఆశ పెట్టానే అని నామీద నాకే రోత పుట్టింది.

సరిగ్గా అప్పుడు బుల్లమ్మ కేక వేసింది. "మావా, తూరుపున ఎండేసిన సేపలు కుక్కెత్తుకుపోతన్నాది, సూడు!"

అసిరయ్య సముద్రం వైపు లేచాడు.

నేనూ లేచాను. నా మోకాళ్ల నొప్పి ఏమైపోయిందో తెలియదు. అతని రెక్క పట్టుకుని ఒడ్డు దాకా లాక్కుపోయాను. ఆ శవాన్ని తీసింది అక్కడే. నరసింగరావు వెనకే వచ్చాడు.

"అసిరయ్యా, సముద్రం ఎటు?"

"తూరుపు బాబూ."

"కోబేలో సముద్రం ఎటు?"

నా మొహంలోకి వింతగా చూశాడు. "సముద్రం ఎక్కడైనా తూరుపే గదా బాబూ. కొండలు పడమర, సముద్రం తూరుపు. మరెటుంటాది?"

"ఓడలో దిక్కులు చూడవా?"

"పొయ్యి కాడ దిక్కులేటి బాబూ? బియ్యం ఉడికిందా నేదా సూడాలి గాని."

సంచిలోంచి అట్లాసు తీశాను. పక్కింటి మేష్టారిని అడిగి తెచ్చుకున్నది. ఆ ఊరు అసలు ఉందో లేదో చూద్దామనే తెచ్చాను తప్ప ఇంత పని చేస్తుందనుకోలేదు. ఇసుకలో పరిచి వేలు పెట్టాను. "చూడండి నరసింగరావుగారూ. కోబే. కొండలు ఎటున్నాయి?"

అతను వంగి చూశాడు.

"ఉత్తరాన. సముద్రం దక్షిణాన. ఇతను తూర్పు అనుకున్నది దక్షిణం. దక్షిణానికి తిరిగి కూర్చుంటే పొద్దు ఎటు కుంగుతుంది? కుడిచేతి వైపు! పొద్దున్న కొండకేసి, అంటే ఉత్తరానికి నడిస్తే ఎండ ఏ చెంప మీద పడుతుంది? కుడి చెంప! కట్టుకథ అయితే సూర్యుణ్ణి సముద్రంలోంచి లేపి కొండల వెనక ముంచేవాడు, రోజూ ఈ ఒడ్డున చూస్తున్నట్టే. ఇతనికి అక్షరం రాదు, ఈ పటం జన్మలో చూడలేదు. దిక్కుల పేర్లు తప్పు చెప్పాడు గానీ సూర్యుణ్ణి మాత్రం ఉన్నచోటే చూశాడు. అక్కడ నిలబడి కళ్లారా చూసినవాడు తప్ప ఈ తప్పు ఎవడూ చేయలేడయ్యా!"

సిగ్గులేకుండా చెబుతున్నాను, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వేల మైళ్ల అవతల, భాష తెలియని ఊళ్లో, ఒక్కరోజు ఒంటరిగా తిరిగిన వంటవాడు కుడి చెంప మీద పడిన ఎండని గుర్తు పెట్టుకున్నాడు. ఆ ఎండ ఇవాళ ఇక్కడ ఒక మనిషి మెడ మీది తాడు తీయబోతోంది. ఇంత ఆశ్చర్యం నేను నా సర్వీసులో ఎరగను.

నరసింగరావు పటం మీద తనూ వేలు జరిపి చూశాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఒప్పుకున్నాను. ఇతను కోబేలో దిగాడు," అన్నాడు. గున్నమ్మ అక్కడే ఇసుకలో కూర్చుండిపోయింది. కానీ అతను ఆగలేదు. "ఇతను చూసిన మనిషి మాత్రం నారాయణమూర్తి కాదు. తాబేలుకి తల లేదన్నాడు. మీ సంచిలో నకలు ఉంది గదా, తీయండి."

అనుకున్నంతా అయింది. మనిషి పొగరుబోతు గానీ చెవిటివాడు కాదు. కాగితం తీసి నేనే చదివాను. "వెండి మొలతాడు ఒకటి, తాబేలు బిళ్లతో. బిళ్లకి తల, నాలుగు కాళ్లు సక్రమంగా ఉన్నవి."

"కూర్మనాథుడి బిళ్ల కట్టుకున్న మనిషి జిల్లాలో ఒక్కడే ఉంటాడా?"

"ఉండడు. అందుకని ఆ బిళ్ల కట్టిన చేతినే అడుగుదాం. జీపు ఎక్కించుకుంటారా?"

"పదండి. నాకు పంతం లేదు, గణపతిరావుగారూ. నిజమైతే సోమవారం జడ్జిగారి ముందు నేనే లేచి వాయిదా అడుగుతాను. జపాన్‌కి తంతి కూడా నేనే కొట్టిస్తాను."

ఆ మాటకి అతని మీద నాకున్న కోపం సగం పోయింది.

మూడుంబావుకి కోటబొమ్మాళి దాటి జగ్గమ్మ ఇల్లు చేరాం. అరవై దాటిన మనిషి. వాకిట్లో వడ్లు తిరగేస్తోంది. పోలీసు జీపు చూసి చేట కింద పెట్టి నిలబడింది. "మళ్లీ ఏటొచ్చింది బాబూ? అన్నీ సెప్పీసినాను గదా," అంది.

"ఒక్క మాట అడిగి వెళ్లిపోతాం, అమ్మా. మీ పెద్దబ్బాయి తాబేలు బిళ్లకి ఏదైనా దెబ్బ ఉందా?"

"ఉంది, నేకేటి?" అంది వెంటనే. "ఆడికి ఏడేళ్లప్పుడు నూతి గట్టు మీద బోర్లా పడిపోనాడు. తాబేలు తల ఇరిగిపోనాది. కంసాలి అతికిస్తానన్నాడు, నాను ఒద్దన్నాను. నా బిడ్డకి తగలాల్సిన దెబ్బ సామి తన తల మీద ఏసుకున్నాడు. దాన్నెలగ అతికిస్తాం?"

నరసింగరావు ఊపిరి గట్టిగా వదలడం వినిపించింది. "మరి శవం దగ్గర బిళ్ల చూసి మీవాడే అన్నారు గదమ్మా. తల ఉందో లేదో చూడలేదా?"

"గుడ్డ సివర కాస్త ఎత్తినారు బాబూ. ఎండి మెరిసింది, తాబేలు డిప్ప కనపడింది. ఇంక నాకు కళ్లు ఆన్నేదు."

ఇక నేను ఆగలేకపోయాను. డిటెక్టివ్ అన్నవాడు నోరు కట్టుకోవాలి. తెలుసు. కానీ ఏడాదిన్నరగా ఏడ్చిన తల్లి ఎదురుగా ఉంటే నోరు ఎలా కట్టుకుంటాను?

"అమ్మా, మీ పెద్దవాడు బతికే ఉన్నాడు. తల లేని తాబేలు కట్టుకుని జపాన్ దేశంలో తిరుగుతున్నాడు. నెలన్నర క్రితం చూసినవాడు ఉన్నాడు."

ఆమె నన్ను చూసింది. నరసింగరావుని చూసింది. అతను తల ఊపాడు. అప్పుడు ఆ ముసలి ప్రాణం వడ్లలోనే మోకాళ్ల మీద కూలబడి, శ్రీకూర్మం ఉన్న దిక్కుకి చేతులెత్తింది. "నా తండ్రీ! నాను నిన్ను తిట్టినాను. ఇద్దర్నీ కాస్తావని రెండు తాళ్లు కట్టించుకుని ఒకణ్ణి మింగీసినావని తిట్టినాను. తప్పయిపోనాది, తండ్రీ!"

నా నవ్వు సగంలో ఆగిపోయింది.

"రెండు తాళ్లా?" అన్నాను.

"రెండే గదా బాబూ. పెద్దోడికొకటి, సిన్నోడు కూర్మారావుకొకటి. ఒకే కంసాలి, ఒకే రోజు. సచ్చినా ఇప్పకండ్రా అని ఒట్టేయించుకున్నాను. సిన్నోడు అస్సాంలో తేయాకు తోటలో పని సేస్తన్నాడు." కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ లేచింది. లోపలికి పరిగెత్తి ఒక కార్డు తెచ్చి నా చేతిలో పెట్టింది. "సదువుకున్నోడివి, నువ్వే రాయి బాబూ. అన్న బతికే ఉన్నాడు, బేగి బయల్దేరి రమ్మని రాయి. ఆడి తాబేలుకి తల సక్కగా ఉంటాది, ఆడి గీత మంచిది."

నరసింగరావు నా సంచిలోంచి పంచనామా కాగితం లాగి, 'తల, నాలుగు కాళ్లు' అన్న చోట వేలు పెట్టాడు. అతను నా వైపు చూడలేదు. నేను అతని వైపు చూడలేదు. కలం తీశాను. కార్డు మీద పెట్టాను. పేరు రాసి ఆగిపోయాను.

"చిన్నవాడి దగ్గర్నుంచి ఆఖరి ఉత్తరం ఎప్పుడొచ్చిందమ్మా?"

"పోయినేడు ఏసంగిలో బాబూ. అన్నని సూడ్డానికొస్తన్నానని రాసినాడు. ఆ తరవాత ఈ కబురు ఎల్లుంటాది, మనసిరిగిపోయి రాననుకున్నాడేమో, మరి రాయనేదు. ఇప్పుడు రాస్తాడు. నివ్వు రాయి బాబూ, ఆలోసిస్తావేటి?"